మా ఆయన నాణేల షాపు పెడతానంటున్నారు

సమస్య

మాది ఇస్నాపూర్. మా ఆయన పాశమైలారంలో ఒక ఇంజినీరింగ్ కంపెనీలో 24 ఏళ్లుగా ఫిట్టర్. వయసు 51. కంపెనీవాళ్లు ఇప్పుడు వీఆర్‌ఎస్ పెట్టారు. పీఎఫ్, గ్రాట్యుటీ, కంపెనీ ఇచ్చేది అన్నీ కలిపి 14 లక్షలు చేతికొస్తాయంటున్నారు. బాబు బీటెక్ రెండో సంవత్సరం, పాప ఇంటర్. ఇల్లు సొంతమే, వంద గజాల్లో. ముందు గదిలో నేను బ్లౌజులు కుడతాను, ఫాల్, పీకో వేస్తాను, లైనింగ్ గుడ్డ అమ్ముతాను.

ఆయనకు నాణేల పిచ్చి. కిరాణా షాపులో చిల్లర ఇచ్చినా ముందు తిరగేసి చూస్తారు, సంవత్సరం కింద నక్షత్రం ఉందా అని. ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలదట. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు, హాలీ సిక్కా నోట్లు, స్టాంపుల ఆల్బమ్‌లు... బీరువాలో నా చీరల అర ఎప్పుడో వాటికి పోయింది. మందు లేదు, పేకాట లేదు, పోనీలే అని నేనూ ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆ డబ్బుతో సంగారెడ్డిలో, పోతిరెడ్డిపల్లి చౌరస్తా దగ్గర షటర్ తీసుకుని కలెక్టిబుల్స్ షాపు పెడతానంటున్నారు. అద్దె 14 వేలు, ఆరు నెలల అడ్వాన్సు. అద్దాల అరలు, లైట్లు, ఏసీ కలిపి రెండున్నర లక్షలు. సరుకు ఐదు లక్షలు. ఒక పక్క నాణేలు, స్టాంపులు. ఇంకో పక్క మా బాబు చెప్పిన హాట్ వీల్స్ కార్లు, జపాన్ కార్టూన్ బొమ్మలు. ప్యాకెట్ మీద ధరకు మూడింతలు పెట్టి కొనేవాళ్లున్నారని వాడు ఫోన్‌లో చూపిస్తాడు. కందిలో ఐఐటీ పిల్లలు, రుద్రారంలో గీతం పిల్లలు, ఇక్రిశాట్‌లో ఫారిన్ వాళ్లు, అంతా మన గిరాకీయే అంటారు తండ్రీకొడుకులు.

నా అనుమానం వేరే. దసరాకు ముందు ఐఐటీ అబ్బాయి ఒకతను ఎవరో చెబితే ఇంటికొచ్చాడు. రెండు గంటలు కూర్చున్నాడు, రెండుసార్లు టీ పెట్టాను. చార్మినార్ రూపాయి ఒకటి నచ్చింది. ధర కూడా ఈయనే చెప్పారు. ఆ పిల్లవాడు బేరమైనా ఆడకుండా డబ్బు కొట్టడానికి ఫోన్ తీస్తే, "ఇది సెట్‌లోది బాబూ, ఇది పోతే సెట్ ఖరాబవుతుంది" అంటూ చేతిలోంచి తీసుకుని కవర్లో పెట్టేశారు. గజం గుడ్డ కోసం వచ్చినామెకు నేను రెండు గజాలు కట్టి పంపిస్తాను. ఈయన షాపెలా నడుపుతారమ్మా? వద్దంటే, "ఇన్నేళ్లు మీకోసమే చేశాను, ఇప్పుడైనా నాకిష్టమైంది చేసుకోనివ్వండి" అంటున్నారు.

- ఒక గృహిణి, ఇస్నాపూర్

సలహా

అమ్మా, ముందు లెక్క చూద్దాం. అద్దె 14 వేలు. కరెంటు, నెట్, చిల్లర ఖర్చులు మూడు వేలు. ఇద్దరు పిల్లలు చదువుకునే ఇంటికి నెలకు 28 వేలు వేస్తున్నాను, తక్కువే వేశానేమో. మొత్తం 45 వేలు. మీ బాబు చెప్పే కార్ల ప్యాకెట్ మీద 180 రూపాయల ధర ఉందనుకుందాం. అందులో నాలుగో వంతు మిగిలిందని ఉదారంగా అనుకున్నా, కారుకు 45 రూపాయలు. అంటే నెలకు వెయ్యి కార్లు అమ్మాలి. వారానికో సెలవు పోను రోజుకు 38. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో రోజూ 38 మంది బొమ్మకారు కొంటారా? ఈ ప్రశ్న మీ బాబును అడగండి, సమాధానం కాగితం మీద రాయమనండి.

మూడింతల ధర సంగతి. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ముద్రించిన సరుకును దుకాణదారు అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువకు అమ్మినా తూనికలు-కొలతల చట్టం ప్రకారం నేరమే. ఫోన్ గ్రూపుల్లో కుర్రాళ్లు వాళ్లలో వాళ్లు చేసుకునే బేరాలు బోర్డు కట్టిన షాపులో కుదరవు. జపాన్ బొమ్మల దారి ఇంకా ఇరుకు. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. చవకగా దొరికే గుర్తులేని సరుకు తెచ్చి పెడితే, తనిఖీకి వచ్చినవాళ్లు ఎత్తుకుపోతారు. పైగా ఇది మోజు మీద నడిచే సరుకు. ఇలాంటి బొమ్మలతోనే పెద్దదైన అమెరికా కంపెనీ ఫంకో, గోడౌన్లు నిండిపోయి 3 కోట్ల డాలర్ల పైచిలుకు సరుకును చెత్తకుప్పకు పంపుతామని 2023లో తానే ప్రకటించింది. అంత పెద్ద కంపెనీయే మోజు ఎప్పుడు దిగుతుందో పసిగట్టలేకపోయింది.

గిరాకీ గురించి మీవాళ్లు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కొనేవాళ్లున్నారు. కాకపోతే వాళ్లు మీరు తీసుకోబోయే షటర్ ముందు నుంచి నడిచి వెళ్లరు. బీరంగూడ, అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లలో ఉంటారు, రాత్రి పదింటికి ఫోన్‌లో కొంటారు. ఇస్నాపూర్ చౌరస్తాలో షిఫ్టు దిగి వచ్చే జనం వేలల్లో ఉంటారు, నిజమే. వాళ్లలో ఎక్కువమంది ఒడిశా, బిహార్ నుంచి వచ్చి గదికి నలుగురు చొప్పున ఉండి జీతం ఇంటికి పంపేవాళ్లు. వాళ్లకు నిజాం రూపాయి అమ్మలేం. ఐఐటీ కుర్రాడు సంవత్సరానికి ఒకసారి వస్తాడు, వచ్చినవాడికి మీవారు ఇవ్వరు!

ఆ సంఘటన చదివి నవ్వుకున్నాను, కానీ ఈ వ్యాపారంలో అసలు చిక్కు అదే. సేకరించేవాడు మంచిది దాచుకుని మిగిలింది అమ్మాలనుకుంటాడు. మంచిది లేని షాపుకు తెలిసినవాడు రెండోసారి రాడు. కాబట్టి అమ్మేదేదో, దాచుకునేదేదో ఈరోజే విడదీయమనండి. దాచుకునేవి బీరువాలోనే ఉంటాయి, ఆ అర ఎటూ మీకు తిరిగి రాదు. అమ్మేవాటి మీద కొన్న ధర, అమ్మే ధర రాసి చీటీ అతికించాలి. చీటీ అతికించడానికి చేయి రాని వస్తువు షాపులోకి రాకూడదు. చీటీ అతికించిన తర్వాత బేరం మీరు చేయండి, నాణెం కథ ఆయన చెబుతారు.

ఇక చట్టం. మీ ఉత్తరంలో దీని ఊసే లేదు, నాకు ఎక్కువ భయం ఇక్కడే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువే. దాన్ని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి, విదేశాలకు పంపడానికి వీల్లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1911లో పోయారు. అంటే ఆయన కాలంలో ముద్రించిన చార్మినార్ రూపాయలన్నీ వందేళ్లు దాటినవే. మీవారి సేకరణలో అందరూ అడిగేది అదే అయితే, లైసెన్సు లేకుండా బోర్డు కట్టి అమ్మేది కూడా అదే అవుతుంది. ఇక్రిశాట్ దొర ముచ్చటపడి కొని సూట్‌కేసులో పెట్టుకుంటే విమానాశ్రయంలో ఆయనా, ఆ తర్వాత మీరూ ఇరుక్కుంటారు.

దీనికి తోడు మీ జిల్లాలో కొండాపూర్ ఉంది. హైటెక్ సిటీ పక్కది కాదు, సంగారెడ్డి దగ్గరి పాత ఊరు. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వం అక్కడి దిబ్బ తవ్విస్తే శాతవాహనుల నాణేలు వేలల్లో బయటపడ్డాయి. సీసంవి, పోటిన్‌వి, వాటితోపాటు రోమన్ల బంగారు నాణెం కూడా. శాతవాహనుల టంకశాల ఊరిదేనని చరిత్రకారులు అంటారు. ఇప్పుడక్కడ పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. ఒక ఆదివారం మీరిద్దరూ వెళ్లి చూసి రండి, మీవారికి పండగే. కానీ సంగారెడ్డిలో నాణేల షాపు తెరిచారంటే, చుట్టుపక్కల పొలం దున్నినవాడో, పునాది తవ్వినవాడో మట్టి అంటిన నాణేలు రుమాల్లో కట్టుకుని మీ దగ్గరికే వస్తాడు. 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. ఆ రుమాలు విప్పి చూసి ధర చెప్పారంటే మీవారు కేసులో ఉన్నట్టే. ఎంత ఆశగా ఉన్నా "కలెక్టరాఫీసుకు తీసుకెళ్లు బాబూ" అనాలి. ఐఐటీ కుర్రాడికి ఇవ్వనన్నంత సులువుగా ఈ మాట అనగలరా?

రద్దయిన 500, 1000 నోట్లూ వస్తాయి. 2017 చట్టం ప్రకారం అవి ఎవరి దగ్గరైనా పదికి మించి ఉండకూడదు, నాణేలు, నోట్ల అధ్యయనం చేసేవాళ్లయినా 25కు మించకూడదు. మించితే పదివేలు లేదా ఆ నోట్ల విలువకు ఐదింతలు, ఏది ఎక్కువైతే అది జరిమానా. ఇంకొందరు 1818 నాటి హనుమంతుడి నాణెమని, రైస్ పుల్లింగ్ చెంబని పట్టుకొస్తారు. ఈస్టిండియా కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు, బియ్యాన్ని లాగే చెంబు ఈ లోకంలో లేదు. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలకు లక్షలిప్పిస్తాం, ముందు కమీషన్ కట్టమనేవాళ్ల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. షాపు బోర్డు మీద ఫోన్ నంబరు కనబడితే ఈ బాపతు ఫోన్లే ఎక్కువ వస్తాయి.

2023 ఆగస్టులో ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం విడుదలైనప్పుడు దాని కోసం జనం ఎగబడ్డారు కదా, చూశారా ఎంత గిరాకీయో అని మీవారు అనొచ్చు. 35 గ్రాముల నాణెం, సగం వెండి, మన టంకశాలలోనే ముద్రించారు. ఆ జనం నాణేల జనం కాదు, అన్నగారి జనం. ఒక్కటి కొని పూజగదిలో పెట్టుకున్నారు, మళ్లీ ఇంకో నాణెం కొనలేదు. పైగా టంకశాలే నేరుగా అమ్ముతుంది. మధ్యలో మీకు మిగిలేది లేదు.

మరి ఏమీ వద్దా అంటే, అలా అనను. ఈయన తాగి తగలేయలేదు, ఇన్నేళ్లు చదువు చదివినట్టు చదివారు. ఆ చదువుకు విలువుంది. మీ ముందు గదిలో, బ్లౌజుల కోసం ఆడవాళ్లు వచ్చే చోటే, ఒక అద్దాల పెట్టె పెట్టండి. పుట్టినరోజు తేదీ నంబరుగా ఉన్న పది రూపాయల నోటు ఫ్రేము కట్టి ఇస్తే పెళ్లిరోజులకు, బారసాలలకు బాగా అడుగుతారు. మీ దగ్గరికొచ్చే గిరాకీకి సరిగ్గా సరిపోయే సరుకది, నోటు వెతకడం ఆయనకు ఎటూ ఇష్టమే. ఆల్బమ్‌లు, నాణేల కవర్లు, స్టాంపుల పట్టకార్లు పెట్టండి. వాటికి వందేళ్ల గొడవ లేదు, నకిలీ భయం లేదు, అయిపోతే మళ్లీ వచ్చి కొంటారు. కవర్లు మాత్రం పీవీసీవి తేవద్దు, రాగి నాణేలకు పచ్చటి జిగురు పడుతుంది. వెండి నల్లబడకుండా గాలి తగలని పెట్టె కావాలి, పాశమైలారం గాలి సంగతి మీకు నేను చెప్పాలా! ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతో తోమి మెరిపించిన నాణేన్ని మాత్రం కొననే వద్దు, తెలిసినవాడెవడూ దానికి ధర కట్టడు.

బళ్లు ఇంకో దారి. తపాలా శాఖ 'దీన్‌దయాళ్ స్పర్శ్' పేరుతో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్లో స్టాంపులు సేకరించేవాళ్లకు ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. దానికి బడిలో స్టాంపుల క్లబ్బు ఉండాలి, లేదంటే పిల్లల పేరున ఫిలాటెలీ ఖాతా ఉండాలి. ఆ ఖాతా 200 రూపాయలతో తెరవొచ్చు. మీ బెల్టులో ఇన్ని ప్రైవేటు బళ్లున్నాయి, ఎన్నింటిలో ఆ క్లబ్బుంది? మీవారు శనివారం పూట నాలుగు బళ్లకు వెళ్లి క్లబ్బు పెట్టించగలిగితే పిల్లలకు స్కాలర్‌షిప్ పోటీకి దారి దొరుకుతుంది, ఈయనకు మాట్లాడటానికి మనుషులు దొరుకుతారు, ఆల్బమ్‌లూ అమ్ముడుపోతాయి. షాపు కావాలన్న కోరికలో సగం, చెబితే వినేవాళ్లు కావాలన్న కోరికేనని నా అనుమానం.

వీటన్నిటికీ లక్షన్నర దాటకూడదు, అదీ ఒక్కసారే కాదు. మన రాష్ట్రంలో అమ్మకాలు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రాలకు అమ్మాలంటే మాత్రం మొదటి రోజు నుంచీ కావాలి, ఆ పని మీ బాబుకు అప్పగించండి. మిగతా డబ్బు పిల్లల చదువుకు, మీ ఇద్దరి ముసలితనానికి బ్యాంకులో ఉండాలి. పీఎఫ్ పింఛను 50 నిండగానే తీసుకోవచ్చని ఎవరైనా చెబితే తొందరపడకండి. 58 కంటే ఎన్నేళ్లు ముందు తీసుకుంటే అన్నేళ్లకూ ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. ఈఎస్ఐ కార్డు ఉంటే, ఐదేళ్లు బీమాలో ఉండి వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లకు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. కంపెనీ వదిలే ముందే ఆ ఫారం పెట్టించండి. రామచంద్రాపురం ఆసుపత్రి మీకు దూరమేమీ కాదు.

అసలు వీఆర్‌ఎస్ తీసుకోవాలా అన్నది మీరు అడగలేదు. కంపెనీ బలవంతం లేకపోతే 51 ఏళ్ల ఫిట్టర్ ఉద్యోగం వదలడం నాకు నచ్చలేదు. ఉద్యోగం చేస్తూనే ఆ అద్దాల పెట్టె ఒక ఏడాది నడపొచ్చు. రోజూ ఎంత అమ్మింది, ఎంత మిగిలింది మీ పీకో లెక్కల పుస్తకంలోనే వెనక పేజీల్లో రాయండి, ఆయన చేత కాదు, మీరే రాయండి. వరుసగా ఆరు నెలలు ఖర్చులు పోను నెలకు 14 వేలు, అంటే ఆ అద్దె డబ్బు, మిగిలితే షటర్ గురించి మళ్లీ ఆలోచించండి. అప్పటిదాకా పోతిరెడ్డిపల్లి అడ్వాన్సు ఇవ్వనివ్వకండి.