సీసా పోయింది, ప్రమాదం పోలేదు

నోటుపుస్తకంలో తప్పు దొర్లగానే మనలో చాలామంది వైట్‌నర్ కోసం వెతుకుతాం. అది రాసిన వెంటనే ఎందుకు ఆరిపోతుంది? అందులోని ద్రావణి గాలి తగలగానే ఆవిరైపోతుంది కాబట్టి. పెయింటు థిన్నర్‌లోనూ, పంక్చర్ అతికించే సొల్యూషన్‌లోనూ ఇలాంటి ద్రావణులే ఉంటాయి. టోలుయీన్ వాటిలో ఒకటి.

ఈ ఆవిరిని మత్తు కోసం పీల్చే పిల్లలు మన దేశంలో ఉన్నారు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ విడుదల చేసిన సర్వే ప్రకారం, పీల్చే మత్తుపదార్థాల వాడకం పెద్దల్లో 0.58 శాతం ఉంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం ఉంది. పెద్దలకంటే పిల్లలే ఎక్కువగా వాడుతున్న మత్తు ఇదొక్కటే. కారణం తెలిసిందే. ఇవి చవక, ఏ కొట్టులోనైనా దొరుకుతాయి, కొనడం నేరం కాదు.

పీల్చిన ఆవిరి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. అలవాటైతే మెదడు, నరాలు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గుండె లయ తప్పి, మొదటిసారి పీల్చినవారు సైతం అక్కడికక్కడే చనిపోవచ్చు. "ఒక్కసారికి ఏమవుతుంది?" అన్న మాటకు ఇదే జవాబు.

అందుకే 2012 జూలైలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ సీసాల్లో వైట్‌నర్, థిన్నర్‌ల చిల్లర అమ్మకాన్ని నిషేధించింది. కొద్దికొద్దిగా మాత్రమే ద్రవం వచ్చే పెన్నుల రూపంలో, ఆవిరి పీలిస్తే హాని అన్న హెచ్చరికతో అమ్మవచ్చని చెప్పింది. వస్తువు అవసరమే, కానీ ఒకేసారి ఎక్కువగా చేతికి అందకూడదు అన్నది ఇందులోని ఆలోచన.

అయితే సైకిల్ షాపులో సొల్యూషన్, హార్డ్‌వేర్ కొట్టులో జిగురు అమ్మకుండా ఆపలేం. వాటితో ఎందరికో పని ఉంటుంది. అక్కడ చట్టంకంటే ముందు పనిచేయాల్సింది దుకాణదారుడి విచక్షణ. ఒక పిల్లవాడు రోజూ అదే వస్తువు కొంటుంటే, "ఎందుకు బాబూ?" అని అడగడానికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు. బ్రిటన్‌లో 1985లో చేసి, 2016 వరకు అమల్లో ఉన్న చట్టం కూడా, మత్తుకోసమే అని అనుమానించే కారణం ఉండి 18 ఏళ్లలోపువారికి అమ్మితే అమ్మినవారిదే తప్పు అనేది.

విద్యార్థులుగా మేము చేయగలిగినవీ ఉన్నాయి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరిగా రాస్తే చాలు. వైట్‌నర్ లేకుండానే చదువు సాగుతుంది. ఈ అలవాటులో చిక్కుకున్న స్నేహితుణ్ణి ఎగతాళి చేయకుండా, నమ్మకమున్న ఉపాధ్యాయులకు చెబుదాం. పిల్లల సహాయానికి 1098, మత్తు మాన్పించే సలహాకు 14446 నంబర్లు ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంకంటే ముందే మేలుకుందాం.