చైనా వైద్యంలో గుండె లోపాలు: ముందు నాలుక, చివర నాడి

చైనా సంప్రదాయ వైద్యం మీద కొత్తగా ఆసక్తి పుట్టినవాళ్లు మొదట చేసే పని పక్కవాళ్ల మణికట్టు పట్టుకోవడం. మూడు వేళ్లు ఆనించగానే రోగమంతా బయటపడుతుందన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. అక్కడి గ్రంథాలు చెప్పే వరస వేరు. చూడాలి, వినాలి, వాసన గమనించాలి, అడగాలి, ఆ తర్వాతే తాకాలి. గుండె విషయంలో ఈ వరస అసలు తప్పకూడదని నా అభిప్రాయం. అడగాల్సినవి అడిగి, నాలుక సరిగ్గా చూస్తే ముప్పాతిక వంతు పని అయిపోతుంది. నాడి దాన్ని ఖాయం చేయడానికే.

చైనాలో ఎంబీబీఎస్ చదవడానికి వెళ్లిన మన పిల్లలకు చాలా యూనివర్సిటీల్లో ఈ వైద్యం ఒక సబ్జెక్టుగా ఉంటుంది. వాళ్లకూ, ఊరికే తెలుసుకోవాలనుకునేవాళ్లకూ ఈ వ్యాసం. వైద్యం చేయడానికి మాత్రం కాదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఛాతీలో పిండేస్తున్నట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం. వీటిలో ఏది కనబడినా నాలుక చూస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

మొదటి అడుగు: వాళ్ల లెక్కలో గుండె ఏమిటో తెలుసుకోండి

రెండు వేల ఏళ్ల కిందటి గ్రంథం 'హువాంగ్‌డీ నెయ్‌జింగ్' అవయవాలను ఒక రాజాస్థానంలా వర్ణించి, గుండెను సింహాసనం మీద కూర్చోబెట్టింది. రక్తాన్ని, రక్తనాళాలను నడిపేది గుండే. మనసు ఉండే చోటూ అదే. ఈ మనసుకు వాళ్లు పెట్టిన పేరు షెన్. నిద్ర, జ్ఞాపకం, తెలివిడి, మాట అన్నీ దాని కిందికే వస్తాయి. గుండె ఆరోగ్యం ముఖం రంగులో కనబడుతుందనీ, నాలుక దాని ద్వారమనీ, చెమట దాని ద్రవమనీ చెబుతారు. చిన్నపేగు దానికి జత.

అందుకే ఎకో, ఈసీజీ రెండూ మామూలుగా ఉండి రాత్రిళ్లు నిద్రపట్టని మనిషికి చైనా వైద్యుడు గుండె లోపం ఉందని చెప్పవచ్చు. గుండె బలహీనపడి కాళ్లు వాచిన మనిషిని చూసి మూత్రపిండాల గురించి మాట్లాడవచ్చు. కార్డియాలజిస్టు చెప్పే గుండెనూ దీన్నీ కలిపేస్తే మొదటి రోజే దారి తప్పుతారు.

ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సినవి నాలుగు. చి అనే శక్తి రక్తాన్ని నెడుతుంది. యాంగ్ వెచ్చగా ఉంచుతుంది. రక్తం పోషిస్తుంది, షెన్‌కు నిలకడనిస్తుంది. యిన్ చల్లబరుస్తుంది. గుండె లోటు అంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తగ్గడమే.

రెండో అడుగు: నాలుక చూడండి

ఉదయం పూట, కిటికీ వెలుతురులో చూడాలి. ట్యూబులైటు కింద నాలుక రంగు మారిపోతుంది. ముందు రోజే చెప్పి ఉంచండి: ఆ ఉదయం నాలుక గీసుకోవద్దని. మన ఇళ్లలో పళ్లు తోమగానే నాలుక బద్ద పట్టుకోవడం అలవాటు, దాంతో చూడాల్సిన పాచి కాస్తా పోతుంది. కాఫీ తాగితే పాచి రంగు మారుతుంది. కిళ్లీ వేసుకున్నవాళ్ల నాలుకను ఆ పూటకు వదిలేయండి. నేరేడు పళ్ల కాలంలో మరీ జాగ్రత్త. ఊదారంగు నాలుకంటే చైనా లెక్కలో రక్తం గడ్డకట్టి నిలిచిపోవడం. గుప్పెడు నేరేడు పళ్లు తిన్న పిల్లవాడి నాలుకా అదే రంగులో ఉంటుంది!

నాలుకను బలంగా చాపమనకండి. వదులుగా బయట పెట్టించి, పదిహేను ఇరవై సెకన్లు చూసి, లోపలికి తీసుకోమనండి. ఎక్కువసేపు చాపితే కొస దానంతటదే ఎర్రబడుతుంది.

నాలుక కొస గుండెది, దాని వెనకే ఊపిరితిత్తులది. నడుమ జీర్ణకోశం, అంచులు కాలేయం, మొదలు మూత్రపిండాలు. నాలుక మొత్తం పాలిపోయి సన్నగా ఉంటే రక్తం లోటు. పాలిపోయి, ఉబ్బి, తడితడిగా ఉంటే యాంగ్ లోటు. ఎర్రగా ఉండి పాచి లేకుండా నున్నగా మెరిస్తే యిన్ లోటు. కొస ఎర్రబడి, చిన్న చిన్న ఎర్రటి పొక్కులతో, పైన పసుపు పాచి ఉంటే గుండెలో నిప్పు, అంటే వేడి, ఎక్కువైందని అర్థం. జిడ్డుగా మందంగా పసుపు పాచి పడితే అది కఫంతో కూడిన నిప్పు. నాలుక పైకెత్తించి అడుగున కూడా చూడండి. అక్కడి రెండు సిరలు ఉబ్బి నల్లగా కనబడితే రక్తం నిలిచిందన్న అనుమానం బలపడుతుంది.

కొస నుంచి మధ్య దాకా నిలువుగా పోయే గీత చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది. అదొక్కటే చూసి ఎవరినీ భయపెట్టకండి.

మూడో అడుగు: నిద్ర గురించి అడగండి

మింగ్ రాజుల కాలంలో జాంగ్ జింగ్‌యువే అనే వైద్యుడు రోగిని అడగాల్సిన వాటిని పది ప్రశ్నలుగా కూర్చాడు. చలి వేడి, చెమట, తిండి, దాహం, మలమూత్రాలు లాంటివన్నీ అందులో ఉన్నాయి. గుండె కోసం అడుగుతున్నప్పుడు నిద్రను ముందుకు తెచ్చుకోండి.

నిద్ర పట్టడం లేదు అంటే సరిపోదు. పడుకున్నాక గంటల తరబడి పట్టడం లేదా? పట్టి మధ్యలో తెగిపోతోందా? మొదటిది రక్తం లోటు వైపు, రెండోది యిన్ లోటు వైపు చూపిస్తుంది. పీడకలలతో, చిరాకుతో, పక్క మీద దొర్లుతూ తెల్లవారుతుంటే నిప్పో, కఫంతో కలిసిన నిప్పో అయి ఉంటుంది.

గుండె దడ దాదాపు అన్ని లోపాల్లోనూ ఉంటుంది కాబట్టి దడ ఉందా అన్న ప్రశ్నతో లాభం లేదు. ఎప్పుడు వస్తుందో అడగండి. మెట్లెక్కితే దడ, ఆయాసం వచ్చి కూర్చుంటే తగ్గుతుంటే చి లోటు. దానికి చేతులు కాళ్లు చల్లబడటం తోడైతే యాంగ్ లోటు. చెమట కూడా అంతే. పని లేకపోయినా పగలు పడితే చి, యాంగ్‌ల వైపు. రాత్రి నిద్రలో పట్టి, మెలకువ రాగానే ఆగిపోతే యిన్ వైపు.

నోటిపూత, మూత్రంలో మంట ఒకేసారి వచ్చాయా అని కూడా అడగండి. మనం వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకునే ఈ జంటను చైనా వైద్యులు చాలా పట్టించుకుంటారు. గుండెలోని నిప్పు దాని జత అయిన చిన్నపేగులోకి దిగి, మూత్రం దారిలో బయటపడుతోందని వాళ్ల వివరణ. 11వ శతాబ్దపు పిల్లల వైద్యుడు చియన్ యీ దీని కోసమే ఒక మందు కూర్చాడు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

నాలుగో అడుగు: లోటా, అధికమా తేల్చండి

ఇంతవరకు రాసుకున్నది ముందు పెట్టుకుని మొదట ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి. మనిషి నీరసంగా, మెల్లగా మాట్లాడుతూ, నెలల తరబడి నెమ్మదిగా దిగజారుతుంటే లోటు. ముఖం ఎర్రబడి, గొంతు పెద్దదై, బాధ ఈమధ్యే తీవ్రంగా మొదలైతే అధికం. నిప్పు, కఫం, నిలిచిన రక్తం ఈ మూడూ అధికం కిందికి వస్తాయి.

తికమక పడేది యిన్ లోటు దగ్గర. అందులోనూ వేడే కనబడుతుంది. బుగ్గల మీద ఎరుపు, అరచేతుల్లో అరికాళ్లలో మంట, నోరెండిపోవడం. కానీ ఇది నూనె అయిపోయిన దీపంలో వత్తి కాలే వేడి. అసలైన నిప్పు ఉన్నవాడు చెంబులకొద్దీ చల్లటి నీళ్లు తాగుతాడు, యిన్ లోటు మనిషి గుక్కెడు తాగి గ్లాసు పక్కన పెడతాడు. అప్పటికీ తేలకపోతే మళ్లీ నాలుక చూడండి. పసుపు పాచి ఉంటే నిజమైన నిప్పు, పాచి లేకుండా నున్నగా ఉంటే లోటు.

ఒక నియమం పెట్టుకోండి: నాలుక, లక్షణాలు, నాడి అనే మూడు సాక్ష్యాల్లో కనీసం రెండు కలవనిదే పేరు పెట్టకూడదు.

ఐదో అడుగు: ఇప్పుడు నాడి

రోగి అయిదు పది నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూడండి. వాచీ, చేతి తాడు తీయించి, చేతిని గుండె ఎత్తున దిండు మీద పెట్టించాలి. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర ఎత్తుగా ఒక ఎముక తగులుతుంది. దానికి పక్కన లోపలి వైపు మీ మధ్య వేలు పెట్టండి. చూపుడు వేలు అరచేతి వైపు, ఉంగరపు వేలు మోచేతి వైపు వాటంతటవే పడతాయి. రోగి ఎడమ చేతిలో మీ చూపుడు వేలి కింద తగిలేది గుండె నాడి.

ఆయుర్వేదం తెలిసినవాళ్లు ఇక్కడ ఆగాలి. మన నాడీ పరీక్షలోనూ వేళ్లు మూడే, రక్తనాళమూ అదే. కానీ అక్కడ వాత పిత్త కఫాలు చూస్తారు, ఇక్కడ రెండు చేతుల్లో ఆరు చోట్ల అవయవాలు చూస్తారు. ఒకదాని లెక్క ఇంకొకదానికి పనికిరాదు.

మొదట తేలిగ్గా, తర్వాత కొంచెం ఒత్తి, చివరికి లోతుగా ఒత్తి చూడండి. మీరు ఒకసారి ఊపిరి పీల్చి వదిలేలోగా నాలుగైదు సార్లు కొట్టుకుంటే మామూలు. మూడు లేదా తక్కువైతే చలి, ఆరు లేదా ఎక్కువైతే వేడి. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్ల నాడి మందు వల్లే నెమ్మదిస్తుంది, దాన్ని చలి అనుకోకండి.

మూడో శతాబ్దంలో వాంగ్ షూహె 24 రకాల నాడులు చెప్పాడు. 1564లో లీ షీజెన్ 27 అన్నాడు. మొదటి ఏడాది మీకు ఇవన్నీ అక్కర్లేదు. వేగమా నెమ్మదా, బలమా నీరసమా, దారంలా సన్ననా వెడల్పా అన్నంతవరకు చాలు. దీనికి తోడు ఒకటి తప్పనిసరి. మధ్య మధ్య ఆగి కొట్టుకుంటోందా? అలా ఆగే నాడులకు చైనా వైద్యంలో మూడు పేర్లున్నాయి. ఏ పేరు పెట్టాలన్న చర్చ తర్వాత చేయవచ్చు, మీ వేలికి లయ తప్పినట్టు తగిలితే ఆ రోజే ఈసీజీ తీయించండి. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బు అయితే పక్షవాతం వచ్చే ముప్పు ఉంది.

ఆరో అడుగు: ఒక కేసు మొత్తం విప్పి చూద్దాం

ఒకావిడకు యాభై రెండేళ్లు అనుకుందాం. నెలసరి ఆగి ఏడాది అయింది. నిద్ర పడుతుంది కానీ రాత్రి రెండింటికి మెడంతా చెమటతో తడిసి మెలకువ వస్తుంది. ఇక తెల్లారేదాకా దడ. వస్తువులు ఎక్కడ పెట్టిందో మరిచిపోతోంది. నడుం నొప్పి, చెవుల్లో హోరు కూడా ఉన్నాయి. నాలుక ఎర్రగా, పాచి లేకుండా, కొస మరింత ఎర్రగా ఉంది. నాడి సన్నగా, వేగంగా ఉంది.

నిద్ర మధ్యలో తెగడం, రాత్రి చెమట, పాచి లేని నాలుక, సన్నని వేగం నాడి అన్నీ యిన్ లోటునే చెబుతున్నాయి. మూడు సాక్ష్యాలూ కలిశాయి. అయితే నడుం నొప్పి, చెవుల హోరు గుండెవి కావు, మూత్రపిండాలవి. కింది నీరు పైకెక్కక, పైన నిప్పు కిందికి దిగక రెంటికీ పొత్తు తప్పిందంటారు వాళ్లు. పరీక్షల్లో ఎక్కువగా అడిగే జంట లోపం ఇది. గుండె దగ్గరే ఆగిపోయిన విద్యార్థికి సగం మార్కులే.

కానీ థైరాయిడ్ ఎక్కువైనా దాదాపు ఇదే చిత్రం కనబడుతుంది. దడ, చెమట, నిద్ర తెగడం, వేగంగా కొట్టుకునే నాడి అన్నీ ఉంటాయి. కాబట్టి యిన్ లోటు అని రాసుకున్న చోటే టీఎస్‌హెచ్ పరీక్ష అని కూడా రాయండి. రక్తం లోటు అనిపిస్తే హిమోగ్లోబిన్ చూపించమనండి. చి, యాంగ్‌ల లోటు అనిపించి పాదాలు వాస్తుంటే ఎకో. సూదితో పొడిచినట్టు ఛాతీ నొప్పి, ఊదా నాలుక కలిస్తే కార్డియాలజిస్టు దగ్గరికి, అదీ వెంటనే.

మందుల జోలికి వెళ్లకండి

గుండెను శాంతపరచే కొన్ని పాత మందుల్లో ఇంగిలీకం ఉంటుంది, అందులో ఉండేది పాదరసం. యాంగ్ లోటుకు వాడే ఫూజీ మన వసనాభి జాతి దుంప, శుద్ధి సరిగ్గా జరగకపోతే గుండె లయనే చంపేస్తుంది. నిలిచిన రక్తానికిచ్చే డాన్‌షెన్ వార్ఫరిన్ మాత్రతో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి కదా అని తెప్పించుకోవద్దు.

ఇంతవరకు చెప్పుకున్న లోపాల పేర్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో కూడా చేరాయి. 2019లో ఆమోదించిన ఐసీడీ-11లో సంప్రదాయ వైద్యానికి ఒక అధ్యాయమే ఉంది. అది లెక్కలు రాసుకోవడానికి పెట్టిన వర్గీకరణ, ఈ వైద్యం పనిచేస్తుందని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. ఒకే మనిషి నాడిని ఇద్దరు వైద్యులు చూసి వేరువేరుగా చెప్పడం పరిశోధనల్లో పదేపదే బయటపడింది కూడా.

చైనా వైద్యులకూ ఈ సంగతి తెలుసు. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూలలో మొదలైన సంప్రదాయ వైద్య కళాశాలల్లో ఆధునిక వైద్యం కూడా నేర్పుతారు. గుండె దడతో అక్కడి పెద్ద సంప్రదాయ వైద్య ఆసుపత్రికి వెళ్తే, నాలుక చాపించి నాడి చూసిన వైద్యుడే ఈసీజీకీ రాసిస్తాడు.