పంకా విమానాలు – దీవుల ప్రయాణం

వార్షికోత్సవ సంచికకు ఒక పాఠం రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లం కాబట్టి రాకెట్ గురించి రాస్తామని అనుకున్నట్టున్నారు. శ్రీహరికోట పక్కనే ఉండగా రాకెట్ గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. మేము చెప్పబోయేది మన తీరం వెంబడి తక్కువ ఎత్తులో రొద చేసుకుంటూ పోయే రెండు పంకాల చిన్న విమానం గురించి.

2016 డిసెంబరులో వార్దా తుపాను వస్తున్నదని మమ్మల్ని ఇళ్లకు పంపారు. మేమప్పుడు తొమ్మిదో తరగతి. ఊరు చేరేసరికి మా నాయన ఉప్పు రాశుల మీద తాటాకు సర్దుతున్నాడు. అంతలో ఆ విమానం సముద్రం మీద బాగా కిందుగా, ఒడ్డు వెంబడే పోయింది. పక్క పట్టపుపాలెం పెద్దాయన ఒకరు "కోస్టుగార్డోళ్ల పంకా ఇమానం వొచ్చిందంటే ఇంక యేటకు పోబాకండిరా" అని కుర్రవాళ్లను కేకేశాడు. కోస్టుగార్డు డోర్నియర్ విమానాలు తుపానుకు ముందు సముద్రంలో ఉన్న పడవలకు రేడియోలో హెచ్చరిక చెప్పి ఒడ్డుకు మళ్లిస్తాయి. జెట్‌లు వచ్చి ఇన్నేళ్లయినా ఇంకా పంకాలెందుకని ఆ రోజు మాకు సందేహం కలిగింది. అడిగితే మా నాయన "నువ్వు సదువుకుని నాకు చెప్పు" అన్నాడు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు కనుక చెప్పే పని కూడా మా మీదే పడింది.

విమానం ముందుకు పోవాలంటే గాలిని వెనక్కి నెట్టాలి. తెడ్డు వేసేవాడు నీళ్లతో చేసేదీ అదే. సెకనుకు 10 కిలోల గాలిని 10 మీటర్ల వేగంతో నెట్టవచ్చు. లేదా 1 కిలో గాలిని 100 మీటర్ల వేగంతో నెట్టవచ్చు. ద్రవ్యవేగం రెండింట్లోనూ 100, కాబట్టి తోపు సమానమే. ఇప్పుడు గతిజశక్తి లెక్క వేయండి. మొదటిదానికి 500 జౌళ్లు, రెండోదానికి 5,000 జౌళ్లు. పని ఒకటే, ఖర్చు పదింతలు! ఎక్కువ గాలిని నిదానంగా నెట్టడం పంకా పద్ధతి, తక్కువ గాలిని విసురుగా నెట్టడం జెట్ పద్ధతి. బాగా ఎత్తున, బాగా వేగంగా పోయేటప్పుడు జెట్‌దే పైచేయి. కొద్ది దూరానికి, కొద్ది వేగానికి పంకానే లాభం.

అయితే ఈ పంకాను తిప్పేది పాతకాలపు పిస్టన్ ఇంజను కాదు. లోపల ఉన్నది జెట్ ఇంజను తరహా యంత్రమే. గాలిని అదిమి, కిరోసిన్ లాంటి ఇంధనంతో మండించి, ఆ వేడి వాయువుతో టర్బైన్‌ను తిప్పుతారు. ఆ శక్తిలో ఎక్కువ భాగం పంకాకు పోతుంది. అందుకే టర్బోప్రాప్ అని పేరు. డోర్నియర్ 228 ఇంజనులో టర్బైన్ నిమిషానికి 40 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. పంకా మాత్రం సుమారు 1,600 చుట్లే. మధ్యలో పళ్లచక్రాల పెట్టె వేగం తగ్గిస్తుంది. ఎందుకు తగ్గించాలి? పంకా వ్యాసం 2.7 మీటర్లనుకొని రెక్క కొస వేగం కట్టి చూడండి. 1,600 చుట్లకు సెకనుకు 226 మీటర్లు వస్తుంది. గాలిలో ధ్వని వేగం సుమారు 340. కొస ఆ వేగాన్ని సమీపిస్తే రొద పెరిగి తోపు పడిపోతుంది. 40 వేల చుట్లకు ఎంతో మీరే కట్టుకోండి, నవ్వు వస్తుంది.

పంకా రెక్కల వాలును పైలట్ మార్చగలడు. దిగగానే వాలు తిప్పి గాలిని ముందుకు నెట్టించి విమానాన్ని తొందరగా ఆపవచ్చు. ఒక ఇంజను చెడితే దాని రెక్కలను గాలికి అంచులా నిలిపి అడ్డు తగ్గించి, రెండో ఇంజనుతో రావచ్చు.

దీవులకు ఈ విమానం ఎందుకు నప్పిందో ఇప్పుడు తేలికగా తెలుస్తుంది. పెద్ద జెట్‌కు రెండు కిలోమీటర్ల పైచిలుకు రన్‌వే కావాలి. చిన్న దీవిలో అంత నేల ఎక్కడిది? లక్షద్వీప్‌లోని అగత్తిలో 1988లో విమానాశ్రయం తెరిచినప్పుడు రన్‌వే సుమారు 1,200 మీటర్లు. అప్పట్లో వాయుదూత్ సంస్థ డోర్నియర్లు అక్కడికి నడిచాయి. తరువాత పెద్దవైన ఏటీఆర్‌లు వచ్చాయి, అవీ పంకావే. డోర్నియర్ జర్మనీ రూపకల్పన. 1980ల నుంచి హెచ్.ఏ.ఎల్. వారు కాన్పూర్‌లో తయారు చేస్తున్నారు. సీట్లు 19. లోపల గాలి పీడనం పెంచే ఏర్పాటు లేదు కనుక మామూలుగా 10 వేల అడుగుల లోపే ఎగురుతుంది. అందువల్లనే దాని ఒళ్లు గుండ్రంగా కాక పెట్టెలా ఉండవచ్చు. సీట్లు తీసేస్తే మందుల అట్టపెట్టెలు, స్ట్రెచరు, కూరగాయల బుట్టలు చక్కగా ఇముడుతాయి. అయితే ఎగిరే బరువు మొత్తం 6,400 కిలోలు దాటరాదు. దూరం పోవాలని ఇంధనం ఎక్కువ పోస్తే మనుషులను, సరుకును తగ్గించాలి. చిన్న విమానాల్లో చాలాచోట్ల ప్రయాణికుణ్ణి కూడా కాటాలో నిలబెట్టి తూస్తారు.

మరి మన దీవుల సంగతి? పులికాట్‌లో ఇరకం దీవి ఉంది. 2022లో ఆ తడ మండలం తిరుపతి జిల్లాలోకి పోయింది గాని మాకు ఇప్పటికీ మన నెల్లూరే. అక్కడివాళ్లు భీములవారిపాలెం రేవు నుంచి పడవ మీద పోవాలి. 2024 నవంబరు 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ అనే నీటి విమానాన్ని ప్రయోగంగా నడిపారు. అదీ టర్బోప్రాపే. దాన్ని పులికాట్‌లో దింపితే బాగుండునని మా రూంమేట్ల వాదన. మేము ఒప్పుకోలేదు. సరస్సు చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. పైగా చలికాలమంతా ఫ్లెమింగోల గుంపులు. పక్షి పంకాకు తగిలితే పక్షికీ ముప్పే, మనిషికీ ముప్పే. ఇరకానికి కావలసింది అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చినా కదిలే పడవ, లేదా వంతెన. దగదర్తి విమానాశ్రయం మాట చిన్నప్పటి నుంచి వింటున్నాం, అది వేరే కథ.

దీవుల ప్రయాణంలో ఉన్న ప్రమాదం కూడా రాయాలి. 2016 జులై 22 ఉదయం ఎనిమిదిన్నరకు చెన్నై పక్కన తాంబరం నుంచి వైమానిక దళం వారి ఏఎన్-32 పోర్టుబ్లెయిర్‌కు బయలుదేరింది. ఇదీ రెండు పంకాల టర్బోప్రాపే, డోర్నియర్ కన్నా చాలా పెద్దది. దీవికి మనుషులను, సామాను చేరవేసే కొరియరు విమానం. ముప్పావుగంట గడవకముందే రాడార్ నుంచి మాయమైంది. లోపల 29 మంది. వారిలో 8 మంది విశాఖపట్నం నావల్ ఆర్మమెంట్ డిపో సిబ్బంది. హాస్టల్‌లో స్టడీ అవర్ ముందు పేపరు పైకి చదివే వంతు ఆ వారం మాది. రోజూ పేపరు తెరవగానే తమ్ముళ్లు "అన్నా, దొరికిందా?" అని అడిగేవారు. ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికినా దొరకలేదు. సెప్టెంబరులో అందరూ మరణించినట్టే భావించాలని కుటుంబాలకు తెలియజేశారు.

2024 జనవరిలో, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి మనిషి లేని జలాంతర యంత్రం బంగాళాఖాతంలో 3,400 మీటర్ల లోతున ఆ శకలాల ఫొటోలు తీసిందని ప్రకటించారు. అప్పటికి ఏడున్నరేళ్లు. మేము డిగ్రీలో ఉన్నాం. ఆ వార్త ఫోనులో చదివి వినిపిస్తే, మా నాయన చేతిలోని ఉప్పు పార పక్కన పెట్టి, ఆ ఎనిమిది మంది ఇళ్లవాళ్లకు ముందుగా ఎవరైనా పోయి చెప్పారా అని అడిగాడు.