గొట్టముల అతుకు: సభ్యులు గమనింపవలసిన విషయము

పాఠశాలకు గేటు, పిల్లల ఉయ్యాలకు చట్రము, మెట్లకు చేతిపట్టు, ఇట్లు గ్రామములలో ఇనుప గొట్టములతో చేయించు పనులు అనేకము. వీని బలము అతుకులలో నున్నది.

గుండ్రని గొట్టమునకు, చివర చదునుగా కోసిన మరియొక గొట్టమును ఆనించినచో రెండు చోట్ల మాత్రమే తాకును. ప్రక్కల సందు మిగులును. ఆ సందును వెల్డింగుతో పూడ్చబోయినచో పలుచని గొట్టము కరిగి చిల్లులు పడును. పైకి నునుపుగా కన్పించినను, పిల్లలు ఊగునపుడు అట్టి అతుకు విడిపోవచ్చును.

కావున రెండవ గొట్టపు గుండ్రదనమునకు ఇముడునట్లు చివరను గంటు కోయవలెను. సమాన వ్యాసముగల గొట్టములు లంబముగా కలియునపుడు గంటు లోతు వ్యాసములో సగముండును. 50 మిల్లీమీటర్ల గొట్టమునకు 25 మిల్లీమీటర్లు. ఇంటివద్ద చేసికొనువారు హాక్సా రంపముతో రెండంచుల నుండి ఏటవాలుగా లోపలికి కోసి, అర్ధగుండ్రపు ఆకురాయితో అరగదీసిన చాలును. అతుకులు అనేకమైనచో, ఆ వ్యాసముగల హోల్‌సాను డ్రిల్లింగు యంత్రమునకు అమర్చి, గొట్టమును గట్టిగా బిగించి కోయుట మేలు. కన్నులకు రక్షణ అద్దములు తప్పనిసరి. జింకుపూత గొట్టమైనచో అతుకుచోట పూతను ముందే తొలగింపవలెను. దాని పొగ హానికరము.

రంగు వేసిన పిదప లోపము కానరాదు. కనుక వెల్డింగునకు ముందే సభ్యులు పోయి చూడవలెను. గొట్టములను జతచేసి వెలుతురునకు పట్టుడు. సందునుండి వెలుగు కన్పించినచో మరల ఆకురాయి పట్టింపుడు.