జన్మాధిక్యమునకు శాస్త్రపు ముసుగు



పుట్టుకచేత ఒకడధికుడు, వేరొకడల్పుడు అను భావమును బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దముననే కల్యాణమున నిరాకరించెను. అయినను ఆ భావము నశింపలేదు. కాలానుగుణముగ వేషము మార్చుకొనుచు వచ్చినది. ఒకప్పుడు ధర్మగ్రంథముల మాటున నిలిచినది. గత రెండు మూడు శతాబ్దములలో కొలబద్దను, త్రాసును, అంకెల పట్టికను చేబూని "నేను శాస్త్రమును" అని చెప్పుకొన్నది. ఈ రెండవ వేషమును గుర్తించుట మొదటిదానిని గుర్తించుటకంటె కష్టము. గ్రంథవచనమును ప్రశ్నించు ధైర్యము గలవారు కూడ అంకెలను చూచి తలయొగ్గుట కద్దు. కావున ఈ పాఠమున ఆ చరిత్రమును క్రమముగ పరిశీలింతము.

1. శాస్త్రము - శాస్త్రాభాసము

శాస్త్రము మొదట ప్రశ్నించును, పిదప పరీక్షించును, తుదకు సిద్ధాంతము చేయును. ఎదురు సాక్ష్యము దొరకినచో ఆ సిద్ధాంతమును విడిచిపెట్టును. శాస్త్రాభాసము సిద్ధాంతముతోనే ప్రారంభమగును. "మేము గొప్పవారము" అని ముందే నిశ్చయించుకొని, దానికి తగిన కొలతలను వెదకికొనును. రెండింటి చేతిలోను పరికరములొక్కటే. కావున కొలత యున్నంత మాత్రమున అది శాస్త్రము కాజాలదు. కొలతనుండి తీసిన తీర్పు సరియైనదా కాదా అనునదే పరీక్షింపవలసిన విషయము.

2. పుర్రెలు, పట్టికలు, లేని రోగములు

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున సామ్యూల్ మార్టన్ అను వైద్యుడుండెను. అతడు నానాదేశముల మానవ కపాలములను సేకరించి, వాటిలో గింజలను నింపి, ఏ కపాలమెంత పట్టునో కొలిచి 1839లో గ్రంథము ప్రకటించెను. తెల్లవారి కపాలములు పెద్దవనియు, నీగ్రోలవి చిన్నవనియు అతని పట్టికలు చెప్పినవి. బానిసత్వమును సమర్థించువారికి ఆ పట్టికలు గొప్ప ఆయుధములైనవి.

మార్టన్ కొలతలలోనే పక్షపాతము దొరలినదని 1978లో స్టీఫెన్ గౌల్డ్ అను పండితుడు విమర్శించెను. 2011లో ఆ కపాలములను మరల కొలిచినవారు కొలతలు చాలవరకు సరిగనే యున్నవని తెలిపిరి. మరి దోషమెచ్చట నున్నది? అనుమానమున, అనగా కొలతనుండి తీసిన నిర్ణయమున నున్నది. కపాల పరిమాణము దేహ పరిమాణమును, స్త్రీపురుష భేదమును, శీతోష్ణములను అనుసరించి మారును. దానిచేత ఒక జనసముదాయము యొక్క బుద్ధిని నిర్ణయింప వీలులేదు. పెద్ద కడవలో మంచి నీరే యుండునను నియమము లేదు గదా! సరియైన అంకెనుండి కూడ తప్పు తీర్పు పుట్టగలదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

అంకెయే తప్పైన సందర్భమును కలదు. 1840 అమెరికా జనగణనలో, స్వేచ్ఛగా నున్న ఉత్తర రాష్ట్రముల నీగ్రోలలో పిచ్చివారు మిక్కిలి యధికమనియు, బానిసలుగా నున్న దక్షిణ రాష్ట్రముల నీగ్రోలలో స్వల్పమనియు తేలినది. స్వేచ్ఛ వారికి హానికరమనుటకు ఇదియే నిదర్శనమని ప్రచారము సాగెను. ఎడ్వర్డ్ జార్విస్ అను వైద్యుడు ఆ పట్టికలను శ్రద్ధగ పరిశీలింపగా, నీగ్రో ఒక్కడును నివసింపని కొన్ని పట్టణములలో సహితము పిచ్చి నీగ్రోలున్నట్లు వ్రాయబడిన సంగతి బయటపడెను. ఆ దోషము వెల్లడియైన పిదప కూడ 1844లో విదేశాంగ మంత్రి కాల్హూన్ ఆ లెక్కలనే ప్రమాణముగ చూపి, బ్రిటిషు రాయబారికి బానిసత్వమును సమర్థించుచు లేఖ వ్రాసెను.

1851లో లూసియానా వైద్యుడగు కార్ట్‌రైట్ మరియొక యడుగు ముందుకు వేసెను. యజమానిని విడిచి పారిపోవలెనను కోరిక బానిసలకు వచ్చు ఒక మనోవ్యాధియని చెప్పి, దానికొక గ్రీకు పేరు పెట్టి, కొరడాదెబ్బను చికిత్సలలో చేర్చెను. స్వేచ్ఛను కోరుట మానవ స్వభావము. దానిని రోగమనిన పిదప క్రూరత్వమునకు వైద్యమను పేరు వచ్చుట యెంత సులభమో గమనింపుడు.

3. మన దేశమున ముక్కు కొలతలు

ఈ విద్య సముద్రము దాటి మన దేశమునకును వచ్చెను. బ్రిటిషు అధికారియగు హెర్బర్ట్ రిస్లీ బెంగాలు మొదలగు ప్రాంతముల ప్రజల ముక్కులను కొలిపించెను. ముక్కు వెడల్పును నూటితో గుణించి పొడవుచే భాగించిన వచ్చు సంఖ్యకు నాసికా సూచిక యని పేరు. ముక్కు ఎంత సన్నమైన కులమంత ఉన్నతము, ఎంత వెడల్పైన అంత నిమ్నము అని 1891లో అతడు సూత్రీకరించెను. కులభేదమునకు మూలము జాతిభేదమే యని అతని వాదము.

ఈ రిస్లీయే 1901 జనగణనకు కమిషనరయ్యెను. ఆ జనగణనలో కులములను సామాజిక గౌరవ క్రమమున హెచ్చుతగ్గులుగ పేర్చవలెనని నిర్ణయము జరిగెను. అప్పటివరకు ఊరూరికి మారుచు, వాదోపవాదములకు లోనగుచుండిన హెచ్చుతగ్గులకు ప్రభుత్వపు ముద్ర పడెను. దేశమంతట కులసంఘములు తమకు పై మెట్టు కావలెనని విన్నపములు పంపసాగినవి.

మద్రాసు రాజధానిలో ఎడ్గర్ థర్‌స్టన్ ఇట్టి పనినే చేసెను. అతడు 1885 నుండి 1908 వరకు మద్రాసు మ్యూజియమునకు అధిపతి. కొలత పరికరములు వెంట తీసికొని జిల్లాలు తిరిగి, తెలుగువారితో సహా దక్షిణాది ప్రజలను కొలిచి, కె. రంగాచారి సహాయమున 1909లో కులములు, తెగలను గూర్చి 7 సంపుటములు వెలువరించెను. ఆచారములను తెలుపు సమాచార నిధిగ వాటికి విలువ యున్నది. అయినను మనుష్యుని మాట వినుటకు ముందు అతని ముక్కును కొలుచు దృష్టి వాటియందు నిక్షిప్తమై యున్నది.

4. పుట్టుదొంగలను ముద్ర

పుట్టుక గుణమును నిర్ణయించునను నమ్మకము చట్టరూపమును కూడ దాల్చెను. 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ తెగల చట్టమును చేసెను. వడ్రంగి కుమారుడు వడ్రంగి యగునట్లే దొంగ కుమారుడు దొంగయే యగునను భావము దీనికి పునాది. 1911 చట్టముతో ఇది మద్రాసు రాజధానికిని విస్తరించెను. ఎరుకల మొదలగు తెగలవారు పోలీసుల యెదుట హాజరు వేయించుకొనవలసి వచ్చెను. నేడు బాపట్ల జిల్లాలో నున్న స్టూవర్టుపురము అట్టివారికై సాల్వేషన్ ఆర్మీ నిర్వహణమున ఏర్పడిన నివాసమే. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. కాని పేరుపై పడిన మచ్చ చట్టముతోపాటు తొలగిపోలేదు.

పశ్చిమ దేశములలో ఇదే భావము సుజనన శాస్త్రమను పేర వర్ధిల్లెను. 1927లో అమెరికా సుప్రీంకోర్టు, మందబుద్ధులని ముద్రవేసినవారికి బలవంతముగ సంతాన నిరోధ శస్త్రచికిత్స చేయుటను ఆమోదించెను. 1933లో హిట్లరు ప్రభుత్వము చేసిన ఇట్టి చట్టము క్రింద సుమారు 4,00,000 మందికి ఆ చికిత్స జరిగెను. అచ్చటినుండి మారణహోమమునకు దూరము స్వల్పమే యయ్యెను.

5. కొలతయే సత్యము పలికిన విధము

అసత్యమును ఖండించినదియు శాస్త్రమే. ఫ్రాంజ్ బోయాస్ అను మానవశాస్త్రజ్ఞుడు అమెరికాకు వలసవచ్చిన వారి బిడ్డలను కొలిచి, స్థిరమనుకొన్న తల యాకారము ఒక తరముననే మారుచున్నదని 1911లో చూపెను. మన దేశమున సంఖ్యాశాస్త్రజ్ఞుడు మహలనోబిస్ 1933లో రిస్లీ కొలతలను పునఃపరిశీలించి సవరించెను. నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతమును మినహాయించినచో ముక్కు కొలతకు, కుల క్రమమునకు ఆ పొందిక నిలువదని ఘుర్యే 1932లో తెలిపెను. డాక్టరు అంబేద్కరు 1948లో ఆ కొలతలనే చేపట్టి, బ్రాహ్మణుడును అంటరానివాడును వేరు జాతులవారు కారని వాదించెను. ముక్కు వెడల్పునకు ఆయా ప్రాంతముల ఉష్ణతతోను, తేమతోను సంబంధమున్నదని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

1972లో లెవాంటిన్ చేసిన గణన ప్రకారము మానవుల జన్యుభేదములలో దాదాపు 85 శాతము ఒక్కొక్క జనసముదాయము లోపలనే యున్నవి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొని 2013లో ప్రకటించిన అధ్యయనము మనకు మరింత సమీపము. సుమారు 4,200 నుండి 1,900 సంవత్సరముల క్రిందటి వరకు ఈ దేశమున జనులు విరివిగ కలిసిరనియు, పిదప స్వకులవివాహము బిగిసినదనియు అది తెలుపుచున్నది. దాదాపు ప్రతి సముదాయమును ఆ సమ్మేళనమునుండి పుట్టినదే. శుద్ధరక్తమని చెప్పుకొనుటకు ఎవరికిని ఆధారము లేదు. గోడలు కట్టుకొన్నమాట నిజము. అవి మనుష్యులు కట్టినవి.

6. మన ఇంటి పరీక్ష

ఇతరుల దోషములను లెక్కించి ఇచ్చట ఆగుట న్యాయము కాదు. 1901 జనగణన సమయమున లింగాయతులలో కొందరు ప్రముఖులు, తమ్ము వీరశైవ బ్రాహ్మణులు, క్షత్రియులు, వైశ్యులు, శూద్రులు అను నాలుగు పేర్లతో నమోదు చేయవలెనని ప్రభుత్వమునకు విన్నవించిరి. హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తెనిచ్చి వివాహము చేసిన శరణుల పరంపర మనది. ఆ సాహసమునకు వారు ప్రాణములర్పించిరి. అట్టి పరంపరవారు పరప్రభుత్వపు నిచ్చెనపై ఒక మెట్టు కొరకు నాలుగు వర్ణములను తామే అడిగి తెచ్చుకొనజూచిరి! ఆ పెద్దలను నిందించుట మన యుద్దేశము కాదు. నిచ్చెన ఎదుట నిలిపినచో, దానిని విరువవలసినవాడును ఎక్కజూచునని గ్రహించుటయే మన ప్రయోజనము.

నేటికిని పెండ్లిచూపులలో పిల్ల వన్నెను, ముక్కుతీరును బట్టి "మంచి వంశము" అని నిర్ణయించువారు గలరు. "వారి రక్తమే అంత" అను మాట మన యిండ్లలో బిడ్డల చెవిని పడుచునే యున్నది. ఆ మాటయే రిస్లీ సూత్రము. కొలబద్ద మాత్రము లేదు. ఇష్టలింగము ఏ చేతియందున్నను ఒక్కటే యని నమ్మువారు, ఆ చేతి వర్ణమును లెక్కించుట తమ దీక్షను తామే కాదనుట యగును.

మఠములలో పాఠము చెప్పువారును, ఇంట తల్లిదండ్రులును బిడ్డలకీ చరిత్రమును తెలుపుదురుగాక. ఎవరైన అంకెలు చూపి ఒక జనమును తక్కువచేసినప్పుడు మూడు ప్రశ్నలడుగుట నేర్పుదురుగాక.

మననమునకు ప్రశ్నలు

1. ఈ కొలత సరియైనదా? ఎవరిని కొలిచిరి, ఎవరిని విడిచిరి?

2. కొలత సరియైనను, దానినుండి తీసిన తీర్పు దానినుండియే వచ్చుచున్నదా, లేక ముందే సిద్ధముగ నున్నదా?

3. ఈ తీర్పువలన లాభపడువారెవరు, బాధపడువారెవరు?

ఈ మూడింటికి సమాధానము వెదకు ఇంట జన్మాధిక్యమను అసత్యము ఏ వేషమున వచ్చినను నిలువజాలదు.