డబ్బా ఇచ్చాం సరే, గ్లాసు ఎవరు తాగారు?

మా అమ్మీకి కడుపు ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినప్పుడు డాక్టరు గారు మందుల చీటీ చివర ఒక పోషక పానీయం పొడి కూడా రాశారు. రోజుకు రెండు గ్లాసులు. నేను స్కూలుకు బయలుదేరే ముందు ఒక గ్లాసు కలిపి మంచం పక్కన పెట్టి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి గ్లాసు కడిగి బోర్లించి ఉండేది. రాత్రి గ్లాసూ అంతే. నెల తరువాత చెకప్‌కు తీసుకువెళితే నాలుగు కిలోలు తగ్గిందని తేలింది. "పొడి తాగుతున్నారా?" అని డాక్టరు గారు అడిగితే, "క్రమం తప్పకుండా తాగుతున్నారు సార్" అని నేనే ధైర్యంగా చెప్పాను. ఇంటికి వచ్చాక మా తమ్ముడి కొడుకు నోరు జారాడు. దాదీ గ్లాసు రోజూ వాడే తాగుతున్నాడట. పదో తరగతి పరీక్షలు రాసే పిల్లవాడికి బలం కావాలి గదా అని ఆమె వాదన.

దాదాపు ముప్ఫై ఏళ్ళుగా హోంవర్కులు దిద్దుతున్నాను. పక్కవాడి పుస్తకం చూసి రాసిన లెక్కను మొదటి వరుసలోనే పట్టేస్తాను. నా ఇంట్లో జరుగుతున్నది మాత్రం పట్టలేకపోయాను. ఎందుకంటే ఖాళీ గ్లాసు చూశానే గాని, తాగుతున్న మనిషిని చూడలేదు.

మీలో చాలామంది క్యాన్సర్ రోగులకో, క్షయ రోగులకో, ఆపరేషన్ అయిన వృద్ధులకో ఇటువంటి డబ్బాలు కొనిచ్చి ఉంటారు. కాబట్టి ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. పెద్దవారికి ఇచ్చే పొడుల్లో చాలావాటికి ఒక గ్లాసుకు సుమారు 50 గ్రాములు పడుతుంది (కచ్చితమైన కొలత డబ్బా మీద ఉంటుంది, లోపల కొలత చెంచా కూడా ఉంటుంది). 400 గ్రాముల డబ్బాలో ఎనిమిది గ్లాసులు. రోజుకు రెండు చొప్పున నాలుగు రోజులు. నెలకు ఏడెనిమిది డబ్బాలు. మరి మనం నెలకు ఒక డబ్బా ఇచ్చి, అది నెలంతా వచ్చిందని రోగి బంధువు సంతోషంగా చెబితే అర్థమేమిటి? రోజుకు 13 గ్రాములు పడింది. అంటే పాలకు కాస్త రంగు, కాస్త వాసన వచ్చాయి. ఇందులో రోగి తప్పు లేదు. డబ్బా అయిపోతే మళ్ళీ దొరుకుతుందో లేదో తెలియని ఇల్లాలు పలుచగానే కలుపుతుంది. ఉప్పూ పప్పూ అలాగే పొదుపు చేసిన చెయ్యి అది.

ఈ పానీయాలను రోగులు ఎంతవరకు తాగుతారన్నది పరిశోధకులు లెక్కగట్టారు. ఇంగ్లండ్ పరిశోధకులు 2012లో 46 అధ్యయనాలను కలిపి చూశారు. అందులో 4,328 మంది రోగులున్నారు. డాక్టరు రాసినదానిలో సగటున 78 శాతం తాగినట్లు తేలింది. ఆస్పత్రి మంచం మీద ఉన్నవారిలో 67 శాతమే, ఇంటివద్ద ఉన్నవారిలో 81 శాతం. ఇది నాకు మొదట వింతగా తోచింది. ఇంట్లో అడిగేవారెవరు అనుకుంటాం గదా. కాని ఇంట్లో ఉన్నవాడు కొంత కోలుకున్నవాడు, తనకు వీలైన వేళ తాగుతాడు. ఇంకొక సంగతి: తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తి ఉండే చిక్కటి పానీయాలను రోగులు ఎక్కువగా పూర్తి చేశారు. అయితే ఈ 81 శాతాన్ని మన వీధికి అలాగే అన్వయించకూడదు. బ్రిటన్‌లో డాక్టరు రాస్తే ఇవి ప్రభుత్వ వైద్యం కిందే అందుతాయి. మన దగ్గర మూడో డబ్బాకు ఆటో నడిపే కొడుకు జేబు చూసుకోవాలి.

తాగనివారు ఎందుకు తాగరు? తీపి మొహం మొత్తుతుంది. కీమోథెరపీలో ఉన్నవారికి నాలుక రుచే మారిపోతుంది, నిన్న నచ్చిన వెనీలా ఇవాళ వికారం పుట్టిస్తుంది. ఒక్కసారిగా గ్లాసెడు తాగితే కడుపు ఉబ్బరం, కొందరికి విరేచనాలు. భోజనానికి ముందు తాగితే అన్నం సహించదు. అప్పుడు అన్నం బదులు పానీయం తాగినట్లయింది తప్ప అదనంగా చేరిందేమీ లేదు. వీటికి మార్గాలు తేలికైనవే. భోజనానికీ భోజనానికీ మధ్య ఇవ్వాలి. చల్లగా ఇస్తే వాసన తగ్గుతుంది. రెండు మూడు రుచులు మార్చాలి. కొన్ని ఆస్పత్రులలో గ్లాసు మాట ఎత్తకుండా మందులిచ్చే ప్రతిసారీ 50, 60 మిల్లీలీటర్లు చిన్న కప్పుతో పట్టిస్తారు. ఇంట్లోనూ చేయవచ్చు గాని, కొన్ని మాత్రలు పాలతో పనిచేయవు, కొన్ని పరగడుపునే వేసుకోవాలి. ముందుగా మందుల షాపులోనో డాక్టరునో అడిగి తీరాలి.

ఇంట్లో పంచుకోవడం వేరే సమస్య. దీన్ని రుచి మార్చి పరిష్కరించలేం. తల్లి తన గ్లాసు పిల్లలకు పోయడాన్ని మనం మందలించగలమా? ఇక్కడ నాకు జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు జరిగిన ఒక పెద్ద అధ్యయనం గుర్తొస్తుంది. 2,800 మంది క్షయ రోగులకు ఆరు నెలలు ఆహార సామాన్లు ఇచ్చారు: బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విటమిన్ మాత్రలు. విశేషమేమంటే సగం ప్రాంతాలలో రోగితోపాటు ఇంటిలోని ప్రతి మనిషికీ విడిగా బియ్యం, పప్పు ఇచ్చారు. ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ సోకడం దాదాపు 40 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగులలో మరణాలు 61 శాతం తక్కువగా కనిపించాయి. ఇంటివారి వాటా ఇంటివారికి ఉంటే రోగి కంచంలోది రోగికి మిగులుతుంది. దాతలు రెండు డబ్బాలతోపాటు ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, రెండు ట్రేల గుడ్లు పంపితే ఆ డబ్బాలకు కాపలా కాసినట్లే. క్షయ రోగులకు ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. మీరు సాయం చేసే కుటుంబానికి ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతున్నదో లేదో ఒకసారి అడగండి.

ఒక హెచ్చరిక. అందరికీ ఒకే డబ్బా కొనకండి. షుగరు ఉన్నవారి పొడి వేరు, కిడ్నీ రోగుల పొడి వేరు. కిడ్నీ జబ్బులోనూ డయాలసిస్ మొదలుకాక ముందు మాంసకృత్తులు తగ్గించమంటారు, మొదలయ్యాక పెంచమంటారు. పాత చీటీ చూసి కొంటే పొరపాటవుతుంది.

మనవాళ్ళ ఇళ్ళలో రెండు ప్రశ్నలు తప్పక వస్తాయి. మొదటిది, ఇది హలాలేనా అని. వీటిలో చాలావరకు పాల, సోయా మాంసకృత్తులే. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉందా, పదార్థాల జాబితాలో జెలటిన్ ఉందా అని చూసి ఆ ఇంటివారికి చూపించండి. అనుమానంతో తాగేవారు నాలుగో రోజు మానేస్తారు. రెండోది రంజాన్. రోగికి రోజా నుంచి మినహాయింపు ఉందని తెలిసినా మా పెద్దవాళ్ళు వినరు. డాక్టరు వద్దన్నవారికి ఆ మాట ఇంట్లో వారు నమ్మే ఆలిం సాహెబ్ చేత చెప్పించడం మేలు. డాక్టరు సమ్మతించినవారు సహరీలో ఒకటి, తరావీ తరువాత ఒకటి తాగవచ్చు. ఇఫ్తార్‌లో అయితే ఖర్జూరాలు, పండ్లు, హలీం మధ్య ఆ గ్లాసుకు చోటుండదు.

ఇక అడిగే తీరు. "తాగుతున్నావా?" అంటే జవాబు ఎప్పుడూ "ఆఁ" అనే వస్తుంది. క్లాసులో "అర్థమైందా?" అంటే పిల్లలంతా తల ఊపినట్లు. "ఖాలా, ఈ వారంలో ఎన్ని గ్లాసులు తప్పాయి?" అని అడగండి. తప్పడం మామూలే అన్న ధ్వని అందులో ఉంటుంది, నిజం బయటికి వస్తుంది. ఖాళీ డబ్బాలు తిరిగి ఇస్తేనే కొత్తవి ఇస్తామనే పద్ధతి కొందరు పెడతారు. నాకు నచ్చదు, పొడి సీసాలో ఒంపి డబ్బా తిరిగి ఇచ్చినవారిని చూశాను. నెలకొకసారి ఒకే తూకం మీద బరువు చూసి రాసుకోవడం అంతకంటే నమ్మదగినది.

మా ఇంట్లో తరువాత ఏం చేశామంటే, పిల్లవాడికి రోజూ రెండు గుడ్లు, పల్లీ ఉండలు విడిగా ఏర్పాటు చేశాను. అమ్మీ చూస్తుండగానే వాడికి పెట్టేదాన్ని. ఆమె గ్లాసు నాలుగు చిన్న కప్పులైంది. నేను లేని పూట వాడే కప్పు పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చుని, తాగేదాకా పాఠం గట్టిగా చదివేవాడు. తరువాతి చెకప్‌కు బరువు తగ్గలేదు. ఆ పై నెల కిలోంబావు పెరిగింది. ఆ చీటీ అల్మారా తలుపు లోపలివైపు అంటించాను.