అడంగల్ నుంచి ఎస్‌క్యూఎల్ దాకా: డేటాబేస్ కొలువులకు తొలి పాఠం

గిద్దలూరు పక్క పల్లెలో రైతు మీభూమి పోర్టల్‌లో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని ఖాతా నంబరు కొడితే 1బి (భూమి హక్కుల రికార్డు) తెరమీదకు వస్తుంది. ఆ వివరాలన్నీ ఒక క్రమంలో దాచి ఉంచిన నిధి డేటాబేస్. వాటిని దాచడం, వెతకడం, దిద్దడం, ఎవరికి ఎంతవరకు చూపాలో చూసుకోవడం డీబీఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ పని. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఈ కోవలోవే.

పట్టిక గీయడమే అసలు విద్య

అడంగల్ లాంటి భూమి రికార్డులకు పట్టిక గీస్తున్నామనుకోండి. ఏ వరుస ఏ భూమిదో తేల్చి చెప్పే గుర్తు కావాలి. అదే ప్రైమరీ కీ. సర్వే నంబరు ఒక్కటే సరిపోదు. 112 అనే నంబరు తర్లుపాడులోనూ ఉండొచ్చు, కొమరోలులోనూ ఉండొచ్చు. గ్రామం కోడ్, సర్వే నంబరు, సబ్‌డివిజన్ కలిపితేనే చిక్కు తీరుతుంది. ఇలా కలిపిన దాన్ని కాంపోజిట్ కీ అంటారు.

ఇక మరో చిక్కు చూడండి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు, అప్పటిదాకా కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు అందులో చేరాయి. ప్రతి రైతు పేరు పక్కనా జిల్లా పేరు రాసి ఉంటే అన్ని వరుసలూ దిద్దాలి. ఒక్కటి మరిచినా ఒకే ఊరు రెండు జిల్లాల్లో కనబడుతుంది. ఏ తాలూకా ఏ జిల్లాదో వేరే పట్టికలో ఉంచితే, ఆ తాలూకాల వరుసలు మారిస్తే చాలు. ఇలా విడగొట్టడమే నార్మలైజేషన్. విడిపోయిన పట్టికలను ముడివేసేది ఫారిన్ కీ. ఈ పద్ధతికి పునాది వేసిన ఐబీఎం శాస్త్రవేత్త ఇ.ఎఫ్. కాడ్ వ్యాసం కూడా 1970లోనే అచ్చయింది.

ఎన్ని రకాలు?

పట్టికలతో నడిచేవి రిలేషనల్ డేటాబేస్‌లు. వీటికి ముందు వచ్చిన హయరార్కికల్, నెట్‌వర్క్ రకాలను పరీక్షల కోసం చదువుకుంటే చాలు. మార్కాపురం రోడ్ స్టేషన్లో ఒకరు, గుంటూరులో ఒకరు ఒకేసారి ఒకే బెర్త్ అడిగితే ఒక్కరికే దక్కాలి. ఆ కట్టుబాటు ట్రాన్సాక్షన్లది. రిలేషనల్ డేటాబేస్‌ల బలం అక్కడే ఉంది. ఒక్కో వస్తువుకు ఒక్కో రకం వివరాలుంటే మాంగోడీబీ లాంటి డాక్యుమెంట్ డేటాబేస్, క్షణంలో జవాబు కావాలంటే రెడిస్, సంబంధాల వల వెతకాలంటే నియోఫోర్‌జే అక్కరకొస్తాయి. మొదలుపెట్టేవారు మాత్రం రిలేషనల్‌తోనే మొదలుపెట్టాలి.

వాడేవారిలోనే ఉద్యోగాలు

పాఠ్యపుస్తకాల్లో ‘డేటాబేస్ యూజర్లు’ అని కనబడే జాబితాను ఉద్యోగాల జాబితాగా చదవండి. 1బి చూసుకునే రైతు, నమోదు చేసే సిబ్బంది ఎండ్ యూజర్లు. వారు వాడే తెరలను తయారుచేసేవారు అప్లికేషన్ ప్రోగ్రామర్లు. ఏ మండలంలో ఏ పంట పెరిగిందో ఎస్‌క్యూఎల్ అనే భాషలో క్వెరీలు, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు, రాసి తేల్చేవారు డేటా అనలిస్టులు. పట్టికల రూపం నిర్ణయించేవారు డిజైనర్లు. అనుమతులు, బ్యాకప్‌లు, వేగం చూసుకునేవారు డీబీఏలు (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లు). డీబీఏ బాధ్యత సాధారణంగా అనుభవం వచ్చాకే అప్పగిస్తారు. బీకాం, బీఏ చదివినవారు కూడా ఎస్‌క్యూఎల్, ఎక్సెల్‌లపై పట్టు సాధిస్తే అనలిస్టు దారిలో ప్రయత్నించవచ్చు.

ఇంటి దగ్గరే సాధన

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉచితంగా దొరుకుతాయి. ఎన్‌పీటీఎల్ ఆన్‌లైన్ పాఠాలు చూడటానికి రుసుము లేదు. కీలు, జాయిన్లు, నార్మలైజేషన్, ట్రాన్సాక్షన్లు, ఇండెక్సులు ఈ వరుసలో నేర్చుకోండి. ఆపై మార్కాపురం పలకల వ్యాపారాన్నే ప్రాజెక్టుగా తీసుకోండి. వ్యాపారులు, పలకల సైజులు, ఆర్డర్లు, చెల్లింపులు అని నాలుగు పట్టికలు గీయండి. ఏ వ్యాపారి ఎంత బాకీ, ఏ సైజు ఎక్కువ పోతోంది అన్న ప్రశ్నలకు క్వెరీలు రాయండి. ఒక ఆర్డరులో మూడు సైజులుంటే నాలుగు పట్టికలు చాలవని మీకే తెలుస్తుంది. ఐదో పట్టిక ఎందుకు అవసరమైందో ఇంటర్వ్యూలో కాగితం మీద గీసి చెప్పగలిగితే, సర్టిఫికెట్ కంటే ఆ జవాబే మీ పక్షాన గట్టిగా మాట్లాడుతుంది.